వెండి తిన్న ఎలుకలు, జాల్యా పెండ్లి

ఎలుకలకు పేర్లు పెట్టకూడదని మా సారు మొదటి రోజే చెప్పాడు. పేరు పెడితే ప్రేమ పుడుతుంది, ప్రేమ పుడితే సూది పట్టుకున్న చేయి వణుకుతుంది, చేయి వణికితే పరిశోధన పాడవుతుంది అని ఆయన వాదన. జాల్యా బుద్ధిగా తల ఊపాడు. సాయంత్రానికల్లా ఒక్కోదానికీ పేరు పెట్టేశాడు. పక్కదాని మేత కూడా లాక్కుని తిని బలిసిన దానికి దొర. ఎప్పుడు చూసినా మూలకు ముడుచుకుని కునుకు తీసేదానికి డోక్రా. డోక్రా అంటే వాళ్ల లంబాడీ భాషలో ముసలోడు.

నేను కోప్పడ్డాను. "పేరు లేకుంటే ఎట్ల పిలుస్తం విజయక్కా?" అన్నాడు.

"ఎలుకను పిలుసుడెందుకురా?"

"పిలిస్తే వస్తది గద!"

నిజంగానే వచ్చేది. అందుకు నాకు ఇంకా మండింది.

జనగామ ఊరి బయట, హైదరాబాదు రోడ్డు మీద ఉన్న ఒక ఫార్మసీ కాలేజీలో నేను పరిశోధన చేస్తుండేదాన్ని. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా జనం రోడ్ల మీదికి వస్తున్న రోజులవి. నేను మాత్రం తలుపులు వేసుకుని ఎలుకలతో కూర్చునేదాన్ని. వెండిని కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా చేసి, నీళ్లలో కలిపి, మగ ఎలుకలకు తాగిస్తే వాటి మగ హార్మోను ఏమవుతుందో చూడడం నా పని. ఆ రేణువులు ఎంత సన్నమంటే, ఒక్క వెంట్రుక మందంలో వేలకొద్దీ పడతాయి. చెమట వాసన రాని మేజోళ్లని, క్రిములు చేరని డబ్బాలని అప్పట్లో ఈ సన్న వెండిని కనిపించిన ప్రతిదాంట్లో కలిపి అమ్ముతున్నారు. ఒంట్లోకి పోతే ఏం చేస్తుందని అడిగిన వాళ్లు తక్కువ. మేం అడుగుతున్నామని నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ ఎలుకల గదికి జాల్యా రాజు. మేత వేయడం, నీళ్ల సీసాలు కడగడం, పంజరాల్లో పొట్టు మార్చడం, నేను మందు తాగించేటప్పుడు ఎలుకను కదలకుండా పట్టుకోవడం, అన్నీ అతనివే. మానుకోట పక్క తండా వాడు. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకుంటారు గానీ మా వైపు వాళ్లందరికీ అది మానుకోటే. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే నాయనమ్మ బుచ్చి పెంచింది. ఇంటర్‌తో చదువు ఆపి, హైదరాబాదులో భవనాల పనికి పోయి, ఆ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని పారిపోయి వచ్చాడు. తర్వాత జనగామలో ఒక కోళ్ల ఫారంలో కుదిరాడు. కోడిగుడ్ల కోసం అక్కడికి వెళ్లిన మా సారు, కోళ్లన్నీ ఇతని వెనకాలే తిరగడం చూసి, మాట్లాడి మా కాలేజీకి తీసుకొచ్చాడు.

పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా నోటిది. జాల్యా నోట్లో నువ్వుగింజ నానదు. అన్ని మాటలూ చెబుతాడు, అన్నీ నిజాలే చెబుతాడు, ఎక్కడ చెప్పకూడదో సరిగ్గా అక్కడే చెబుతాడు.

మొదటి ఫలితాలు వచ్చిన రోజు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వెండి తక్కువ తాగిన ఎలుకల్లో పెద్ద తేడా లేదు. ఎక్కువ తాగిన వాటిలో మాత్రం టెస్టోస్టిరాన్ దాదాపు సగానికి పడిపోయింది. మగతనాన్ని నడిపే హార్మోను అదే. నేను గంతులు వేస్తుంటే జాల్యా ముఖం గంటు పెట్టుకున్నాడు. "గది సంతోషమా అక్కా? దొర పరేషాన్ల ఉంటే నువ్వు నవ్వుతున్నవ్" అన్నాడు. మొదటి బృందం ఎలుకలను కోసి పరీక్ష చేసిన రోజు అతను రాలేదు. పొద్దంతా బస్టాండు దగ్గర ఉద్యమ దీక్షా శిబిరంలో కూర్చుని, మరునాడు ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు. మిగిలిన ఎలుకలకు వెండి ఆపేశాం. కొంతకాలం వదిలేస్తే మళ్లీ కోలుకుంటాయా, పిల్లల్ని కంటాయా అని చూడాలి. దొర, డోక్రా ఆ రెండో బృందంలోవే.

ఆ శ్రావణంలోనే జాల్యాకు పెళ్లి మాట కుదిరింది. పిల్ల పేరు తారి. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే దస్రు కూతురు. ఒక చుట్టాల పెళ్లిలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత మా ఎలుకల గదిలో ఫోను మాటలు పెరిగాయి. తారి అక్కడ నవ్వితే దొర ఇక్కడ చెవులు నిక్కించేది. అంతవరకు వచ్చింది వ్యవహారం.

వాళ్లలో మాట ఖాయం చేసుకునేటప్పుడు నలుగురి ముందు బెల్లం పంచుకుని తింటారు. బెల్లం నోట్లో పడిందంటే సంబంధం కుదిరినట్టే. నన్ను కూడా పిలిచాడు, భూపాలపల్లి పోయాను. కార్మికుల క్వార్టర్ల ముందు టెంటు వేశారు. రెండు వైపుల పెద్దలు ఎదురెదురుగా కూర్చున్నారు. బుచ్చవ్వ చేతులకు, మెడకు, కాళ్లకు ఉన్న వెండంతా తోముకుని, మెరిసిపోతూ వచ్చింది. బెల్లం తిన్నాక, ఇక పెళ్లి తేదీ పెట్టుకోవడమే తరువాయి అనగా, దస్రు మర్యాదకు ఒక మాట అడిగాడు.

"కాలేజీల ఏం పని జేస్తవ్ పిలగా?"

నౌకరి చేస్తున్న అంటే సరిపోయేది. జాల్యా లేచి నిలబడ్డాడు.

"మగ ఎలుకలకు వెండి తాగిపిస్తం మామా. సన్న వెండి. గాలిల కలిసినా కనవడదు. అది తాగితే వాటి మగతనం సగానికి పడిపోతది. మేమే కనిపెట్టినం!"

టెంటు కింద ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. దస్రు నవ్వలేదు. అతను ముప్పై ఏళ్లుగా నేల కింద దుమ్ములో పనిచేసినవాడు. దుమ్ము గురించి అతనికి కొన్ని గట్టి నమ్మకాలు ఉన్నాయి.

"మాకు బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు పోతది" అన్నాడు నెమ్మదిగా. "మరి నీకు గా వెండి దుమ్ము ఏడికి పోతది?"

అప్పుడు తెలిసింది జాల్యాకు తాను ఏం అన్నాడో. ముఖం కాలిన వంకాయలా అయింది. నేను నోట్లో బెల్లం ముక్కతోనే లేచి, అది దుమ్ము కాదు, నీళ్లలో ఉంటుంది, ఎలుక నోట్లోకి పోస్తాం, జాల్యా ఒంటికి అంటదు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరూ వినలేదు. సంబంధం తెగిపోలేదు, బెల్లం తిన్నారు కదా. కానీ దస్రు పెళ్లి తేదీ పెట్టలేదు. వారం తిరక్కుండా కబురు పంపాడు. వెండి ఆపేసిన ఎలుకలు మళ్లీ మగవాళ్లయి పిల్లల్ని పుట్టిస్తేనే పెళ్లి. పుట్టించినా సరే, జాల్యా ఆ పని మాత్రం విడిచిపెట్టాలి.

ఈలోగా ఆ మాట మానుకోట తండాకు చేరింది. దారిలో దానికి కాళ్లు, చేతులు, తోక కూడా మొలిచాయి. వెండి తాకితేనే మగతనం పోతుందన్నంతగా పెరిగింది. తండాలో మగవాళ్లు, పిల్లల దగ్గరి నుంచి తాతల వరకు, నడుముకు వెండి మొలతాళ్లు కట్టుకుంటారు. ఒక్క రోజులో అవన్నీ ఊడాయి. నల్లదారాలు ఎక్కాయి. మానుకోటలో వెండి దుకాణం షావుకారికి ఏం అర్థం కాలేదట. పెళ్లిళ్ల కాలం దాటిపోయింది, పండగ కాదు, ఇంతమంది మగవాళ్లు గుసగుసలాడుతూ మొలతాళ్లు పట్టుకొచ్చి మార్చుకుంటున్నారేమిటని నోరు వెళ్లబెట్టాడట.

బుచ్చవ్వ మాత్రం ఒంటికాలి మీద లేచింది. ఆ భయం తీర్చుదామని నేను వెళ్లినప్పుడు తండా నడుమ నిలబడి మగవాళ్లను వాయించేస్తోంది. "నేను పుట్టినప్పటి సంది గీ వెండి మోస్తున్న. నా మొగడు గీ వెండి పక్కనే పండిండు. తొమ్మండుగురిని కన్న. మీ తాతలకు లేని రోగం మీకొచ్చిందా?" అంది. గొలుసు ఊపితే ఘల్లుమంది. మగవాళ్లు తలలు దించుకున్నారు గానీ మొలతాళ్లు మళ్లీ కట్టుకోలేదు. ముద్దగా ఉన్న వెండి వేరు, మా సన్న వెండి వేరు, బెల్లం గడ్డ జేబులో పెట్టుకుంటే తీపి ఒంటికి పడుతుందా అని నేనూ చెప్పాను. చదువుకున్నావిడ ఏదో దాస్తోంది అన్నట్టు చూశారు.

జాల్యా తిండి తగ్గించాడు. నాకు మొదట కోపం, తర్వాత జాలి. వాడికి తారి కావాలి. ఎలుకల గది కూడా కావాలి. ఆ గదిలో తప్ప ఇంకెక్కడా వాడిని రాజులా చూసినవాళ్లు లేరు. "పని ఇడిసిపెడ్త అక్కా" అంటాడు, వెంటనే పంజరాల వైపు చూస్తాడు, కళ్లు తుడుచుకుంటాడు. ఒక రోజు తారే నాకు ఫోను చేసింది.

"అక్కా, ఎలుకలు మంచిగైతయా?"

"చెప్పలేనమ్మా. అయితయని అనుకుంటున్న."

"జర వాటికి మంచిగ పెట్టక్కా" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

సెప్టెంబరు నడుమ ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు కార్మికులు గనుల్లోకి దిగడం మానేశారు. కాలేజీకి తాళం పడింది. కానీ ఎలుకలకు సమ్మె చెప్పలేం కదా! జాల్యా దీక్షా శిబిరానికి పోయి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. వాళ్లు పడీపడీ నవ్వి, సైకిలుకు ఒక జెండా, 'ఎలుకల అత్యవసర సేవ' అని అట్ట మీద రాసి ఒక బోర్డు కట్టి పంపారు. దాంతో ఊరంతా విషయం తెలిసిపోయింది. నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్న వాళ్లు కూడా గరిటె పట్టుకునే, "జాల్యా, డోక్రా సంగతేంది?" అని అడిగేవాళ్లు.

సమ్మె వల్ల ఇంకో చిక్కు కూడా వచ్చింది. గని బందు కావడంతో దస్రుకు కూర్చుని ఆలోచించడానికి కావలసినంత తీరిక దొరికింది. రోజూ పొద్దున్నే ఫోను చేసేవాడు. "మగోళ్లు ఎట్లున్నరు?" ఇదొక్కటే ప్రశ్న.

కోలుకుంటున్న మగ ఎలుకల దగ్గర ఆడ ఎలుకలను పెట్టాం. దొర తన పంజరంలోకి వచ్చినదాన్ని పైకీ కిందకీ చూసి, దాని మేత తినేసి, అటు తిరిగి పడుకున్నాడు. జాల్యాకు తల కొట్టేసినట్టయింది. "దొరలు గంతే అక్కా" అన్నాడు. మిగతావి కూడా పెద్దగా ఉత్సాహం చూపించలేదు. ఆశ వదులుకునే స్థితికి వచ్చాం. సరిగ్గా అప్పుడే, మేం ఏ ఆశా పెట్టుకోని డోక్రా పంజరంలో ఆడది బరువెక్కడం మొదలైంది. జాల్యా ఆ పంజరం ముందు మాట్లాడడం మానేశాడు. చెప్పుల చప్పుడు అవుతుందని వట్టి కాళ్లతో తిరిగాడు. నోరు మూసుకున్న జాల్యాను నేను అప్పుడే మొదటిసారి చూశాను.

దసరా దాటాక ఒక పొద్దున నేను గేటు దగ్గర ఉండగానే లోపలి నుంచి అరుపు వినిపించింది. పరుగెత్తాను. పొట్టు గూటిలో ఎర్రగా, పచ్చి పల్లీల్లా, కళ్లు తెరవని పిల్లలు ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. పక్క పంజరంలోకి మార్చిన డోక్రా నిద్రపోతున్నాడు. ఒక్క కాన్పుతో ఏదీ రుజువు కాదు, ఎలుకలన్నిటి రక్తం పరీక్ష చేయాలి, మిగతావి కోలుకోకపోవచ్చు కూడా అని నా చదువు నా గొంతులో ఆడుతోంది. జాల్యా ముఖం చూశాక నా నోరు నేనే నొక్కుకున్నాను. వాడు అప్పటికే దస్రుకు ఫోను కలిపేశాడు.

"నా కండ్లతోటి చూస్తె గాని నమ్మ" అన్నాడు దస్రు.

మరునాడు మధ్యాహ్నానికి బండి మీద దిగాడు. భూపాలపల్లి నుంచి జనగామ దాకా ప్రతి ఊళ్లో రాస్తారోకో. ప్రతిచోటా జై తెలంగాణ అని బాట ఇప్పించుకున్నాడు. రెండుచోట్ల కూర్చోబెట్టి అన్నం కూడా పెట్టారట. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, దగ్గుకుంటూ వచ్చి, నేరుగా ఎలుకల గది తలుపు మీద చెయ్యి వేశాడు.

జాల్యా అడ్డం నిలబడ్డాడు. తలకు టోపీ, ఒంటికి గౌను, చేతులకు తొడుగులు, ముక్కు మీద మాస్కు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మామా, గిట్ల లోపలికి రానియ్య."

"ఏందీ?"

"నీ దగ్గుకు తల్లి బెదురుతది. బెదిరితే పిల్లలను తినేస్తది. దుమ్ము గూడ తగులొద్దు. కాళ్లు చేతులు కడుక్కొని, గౌను ఏసుకొని, మాస్కు కట్టుకొని రా."

నేను వెనక నుంచి వాడి నడుం గిల్లాను. కాబోయే మామ అంత దూరం నుంచి వస్తే గుమ్మంలో నిలబెడతాడా! దస్రు కళ్లు ఎర్రబడ్డాయి. గనిలో పదిమందిని నడిపించే మనిషి.

"ముప్పయ్యేండ్ల సంది బొగ్గుల పని జేస్తున్న. మాకు గూడ ఇస్తరు గీ మాస్కులు. కొయ్యకు తగిలిచ్చి పోత నేను. పెండ్లాం మొత్తుకున్నది, బిడ్డ ఏడ్చింది, డాక్టరు తిట్టిండు. ఎవ్వలు చెప్పినా కట్టలే. ఊపిరాడది నాకు. ఇయ్యాల ఎలుకల కోసం కడ్తనా?"

"కట్టకుంటే బయట్నే ఉండు మామా" అన్నాడు జాల్యా. తలుపు మాత్రం వదల్లేదు. "తారి మీద పానం ఉన్నది నాకు. కాని లోపల గీళ్లు నన్ను నమ్ముకొని ఉన్నరు."

అయిపోయింది, పెళ్లి పెటాకులైంది అనుకున్నాను. దస్రు చాలాసేపు వాడి కళ్లలోకే చూశాడు. తర్వాత నల్లా దగ్గరికి నడిచి, చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా కడుక్కున్నాడు. గౌను తొడుక్కున్నాడు. మాస్కు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే జాల్యానే ముందుకొచ్చి చెవుల వెనక తగిలించి, ముక్కు మీద నొక్కి సరిచేశాడు.

లోపల దస్రు గూటి ముందు గొంతుక్కూర్చున్నాడు. తల్లి ఎలుక పిల్లలకు పాలు ఇస్తోంది. దగ్గు వస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుని బలవంతాన ఆపుకున్నాడు. పిల్లల్ని చూశాడు, డోక్రాను చూశాడు, మళ్లీ పిల్లల్ని చూశాడు.

"గీ ముసలోడేనా తండ్రి?" అన్నాడు గుసగుసగా.

"వీడే మామా. వెండి గూడ బగ్గ తాగిండు."

"నువ్వు రోజు గిట్లనే కట్టుకుంటవా?"

"రోజు కట్టుకుంట."

"ఊపిరాడుతదా?"

"మొదాల కష్టమే. అలవాటైతది."

బయటికి వచ్చి దస్రు మెట్ల మీద కూర్చున్నాడు. గౌను విప్పాడు, మాస్కు విప్పలేదు. జేబులోంచి ఫోను తీసి కూతురికి చేశాడు. వాళ్ల భాషలో మాట్లాడుతున్నాడు. జాల్యా నా పక్కన నిలబడి మెల్లగా నాకు తెలుగులో చెప్పాడు. తేదీ పెట్టుకుందామంటున్నాడట. పిల్లగాడు పని విడిచిపెట్టే అక్కర లేదంటున్నాడట. ఒట్టి మొండోడు, నన్నే గుమ్మంలో ఆపిండని ఫిర్యాదు చేస్తున్నాడట. నేను సంతోషం పట్టలేక వాడి వీపు మీద ఒక్కటి చరిచాను.

అంతలో అవతలి నుంచి తారి ఏదో అడిగింది. బాపూ, నీ గొంతు గట్ల వస్తున్నదేంది, మూతికి ఏం కట్టుకున్నవ్ అని అడిగిందట. దస్రు నేల వైపు చూస్తూ, మాస్కు అని చిన్నగా జవాబు చెప్పాడు. ఫోనులో వినిపించిన ఏడుపు నాకు ఎవరూ తెలుగు చేసి చెప్పనక్కర లేకపోయింది.

దస్రు కంగారుపడిపోయాడు. "పెండ్లి ఖాయమంటుంటే ఏడుస్తవేంది బిడ్డా?" అన్నాడు, ఈసారి తెలుగులోనే.

"పెండ్లికి కాదు బాపూ ఏడ్చేది" అంది తారి.

దస్రు ఫోను చెవికి అలాగే పెట్టుకుని, మాస్కు కింద మెల్లమెల్లగా ఊపిరి తీసుకుంటూ కూర్చున్నాడు. జాల్యా వెళ్లి ఆయనకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు.